ఉప్పునీటి ట్యాంకులో చేపలు ఉన్నట్టుండి చనిపోకుండా: దేని మీద ముందు డబ్బు పెట్టాలి?

మా పెదనాన్నకి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె వేస్తాడు. మూడేళ్ల కిందట మే నెలలో హైదరాబాద్‌లో నా ఉప్పునీటి ట్యాంకులో ఒక్క రాత్రిలో నాలుగు చేపలు పోయాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆయనకే ఫోన్ చేశాను. ఆయన ఉప్పునీటి చేపల్ని ఎన్నడూ పెంచలేదు, కానీ చేపలు చావడం ఎలా ఉంటుందో ఆయన చూసినంత నేను చూడలేదు.

"ఏ టైముకి పోయాయిరా? తెల్లారుజామునా, పొద్దెక్కాకా?" అన్నాడు.

"నేను లేచేసరికే పోయి ఉన్నాయి పెదనాన్నా."

"పెద్దవి పోయాయా, చిన్నవా?"

పెద్దవే పోయాయి. టాంగ్ అనే చేప, దాని తర్వాత మిగతా మూడు. చిన్న గోబీ ఒక్కటి రాతి పక్కన ఇంకా మొప్పలాడిస్తోంది. రొయ్య కూడా బతికే ఉంది.

"అయితే మందులేం కొనకు. రాత్రి నీళ్లలో గాలి ఆగింది. ఎందుకాగిందో చూడు."

రాత్రి ఒంటిగంటకి గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది, ఐదు గంటలసేపు రాలేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, అందుకే మాకెవ్వరికీ మెలకువ రాలేదు. ట్యాంకు ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ లైను మీద లేదు. ఆ ఐదు గంటలూ నీళ్లు కదల్లేదు.

అప్పటినుంచి ట్యాంకు కోసం ఏం కొనాలన్నా ముందు ఒక లెక్క వేస్తున్నాను. ఈ వస్తువు ఆపే ప్రమాదం చేపని ఎంతసేపట్లో చంపుతుంది? గంటల్లో చంపేవాటికి ముందు డబ్బు, రోజుల్లో చంపేవాటికి తర్వాత, వారాలు పట్టేవాటికి ఆ తర్వాత. కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లు ఎక్కువగా దీనికి తలకిందులుగా కొంటారు. లైటు, రాళ్లు, ఖరీదైన చేప ముందు వస్తాయి, బ్యాటరీ పంపు ఎప్పటికో వస్తుంది. నేనూ అలాగే కొన్నాను.

ముందు ఏది పోయింది?

ఇప్పటికే చేపలు పోయి ఇది చదువుతున్నవాళ్లు ఏదైనా కొనేముందు ఇది తేల్చుకోవాలి. కారణం తెలియకుండా కొన్న మందు చాలాసార్లు మిగిలిన చేపల్ని కూడా తీసుకుపోతుంది.

రాత్రికి రాత్రి పోయి, అందులోనూ పెద్ద చేపలు ముందు పోతే ఆక్సిజన్‌ని అనుమానించండి. రొయ్యలు, హెర్మిట్ పీతలు ముందు వెల్లకిలా పడి, ఆ తర్వాత చేపలు గింగిరాలు తిరిగితే అది విషం: పురుగుమందో, రాగో. రొయ్యలు నిక్షేపంగా ఉండి, చేపలు మాత్రం రెండు మూడు రోజుల్లో ఒకదాని వెనక ఒకటి పోతుంటే పరాన్నజీవి. పాత ట్యాంకులో లోతైన ఇసుకని కెలికిన రోజే పోతే, ఆ ఇసుకలోంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అడుగున పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొచ్చింది. ట్యాంకు పెట్టి నెల కూడా కాకపోతే ఇవన్నీ వెతికేముందు అమ్మోనియా (చేపల మలం, మిగిలిన మేత నుంచి నీళ్లలో చేరే విషం) కొలవండి.

కరెంటు పోయినప్పుడు: ఇన్వర్టరా, బ్యాటరీ ఎయిర్ పంపా, యూపీఎస్సా?

25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి. అదే వేడిలో సముద్రపు నీళ్లు పట్టుకోగలిగేది 6.7 మాత్రమే. 30 డిగ్రీలకి చేరితే 6.2కి పడిపోతుంది. అంటే గోల్డ్‌ఫిష్ ట్యాంకుకి ఉన్నంత వెసులుబాటు ఉప్పునీటి ట్యాంకుకి మొదటినుంచీ లేదు. రాత్రి లైట్లు ఆరాక నాచు కూడా ఆక్సిజన్‌ని వాడుకునేదే అవుతుంది. అందుకే తెల్లారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద రాత్రిపూట ఏరేటర్లు తిరిగేది ఇందుకే. మన ఇంట్లో ఆ పని చేసేవి రిటర్న్ పంపు (ట్యాంకు కిందుండే సంప్ అనే డబ్బా నుంచి నీళ్లు పైకి ఎక్కించేది), వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లని కదిలించేది), స్కిమ్మర్ (బుడగలతో మురికిని తీసేది). కరెంటు పోతే మూడూ ఒకేసారి ఆగుతాయి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది ట్యాంకు ప్లగ్గు ఏ లైను మీద ఉందో. మెయిన్ ఆఫ్ చేసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఎలక్ట్రీషియన్లు మామూలుగా ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇన్వర్టర్ లైను ఇస్తారు. తర్వాత లోడు లెక్క. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. సగం చేతికొస్తుందనుకుంటే 900. పాతిక వాట్ల రిటర్న్ పంపు, పది వాట్ల వేవ్‌మేకర్ మాత్రమే నడిపితే ఒక రోజు పైగా వస్తుంది. అదే బ్యాటరీ మీద 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు మూడు తిరుగుతుంటే అంతా కలిసి మూడున్నర గంటలకే ఖాళీ. కాబట్టి కరెంటు రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఇంట్లో అందరం ఒకే గదిలో పడుకోవడం మేలు. నీళ్లని చల్లబరిచే చిల్లర్‌నీ, హీటర్‌నీ మాత్రం ఇన్వర్టర్ మీద ఎప్పుడూ పెట్టకండి.

కొనబోయేవాళ్లు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకోండి. చౌకగా వచ్చే స్క్వేర్ వేవ్ మీద చాలా పంపులు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి. కంప్యూటర్ యూపీఎస్ సంగతి అడిగేవాళ్లు చాలామంది. అందులో మామూలుగా ఉండేది 7 ఏహెచ్ బ్యాటరీ. చిన్న వేవ్‌మేకర్‌ని మూడు నాలుగు గంటలు లాగితే గొప్ప. ఏమీ లేనివాళ్లకి పనికొస్తుంది గానీ దానికోసం కొత్తగా డబ్బు పెట్టకండి.

బ్యాటరీ ఎయిర్ పంపు వీటన్నిటిలో చవక. నా దృష్టిలో మొదట కొనాల్సింది ఇదే, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరే. రెండు రకాలున్నాయి. లావు టార్చి సెల్స్ వేసేది ఒకటి, యూఎస్‌బీతో నడిచేది ఒకటి. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే రకం రెండింటిలోనూ దొరుకుతుంది. కొంచెం ఎక్కువ పెట్టయినా అదే కొనండి, ఎందుకంటే రాత్రి ఒంటిగంటకి మనం నిద్రలో ఉంటాం. ఒకటిన్నర వాట్ల యూఎస్‌బీ పంపు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద దాదాపు 20 గంటలు నడుస్తుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ లోడుకి వాటంతటవే ఆగిపోతాయి, ముందే ఒక పూట నడిపి చూసుకోవాలి.

విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ వైపువాళ్లు ఇంకో అడుగు ముందుకి ఆలోచించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు ఏ ఇన్వర్టరూ సరిపోదు. కారులో ఛార్జ్ చేసుకోగల పవర్ బ్యాంకులు రెండు, యూఎస్‌బీ పంపులు రెండు ఉంటే వారమైనా నెట్టుకురావచ్చు. చేతిలో ఏదీ లేని వేళ చెంబుతో ట్యాంకు నీళ్లే ముంచి జానెడు ఎత్తునుంచి మళ్లీ అందులోకే పోయండి. గంటకోసారి ఐదు నిమిషాలు అలా పోసినా చేపలు దక్కే అవకాశం పెరుగుతుంది. కరెంటు లేనంతసేపూ మేత వేయొద్దు.

క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట మూసిన డబ్బాలో ఉండే ఫిల్టర్) వాడేవాళ్లకి ఒక్క మాట. గంటల తరబడి ఆగిపోయిన క్యానిస్టర్‌లో నీళ్లు ఆక్సిజన్ లేక కుళ్లుతాయి. కరెంటు రాగానే ఆ కుళ్లునీళ్లు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. ప్లగ్గు తీసేసి ఉంచి, లోపల కడిగాకే మళ్లీ వేయండి.

వేసవిలో: ఫ్యానా, చిల్లరా, ఏసీనా?

దీనికి జవాబు మీ ఊరిని బట్టి మారుతుంది.

నీళ్ల మీదుగా వీచే చిన్న ఫ్యాన్ చేసే పని నీటిని ఆవిరి చేయడమే. ఒక లీటరు ఆవిరైతే 200 లీటర్ల ట్యాంకుని దాదాపు 3 డిగ్రీలు చల్లబరిచేంత వేడి తీసుకుపోతుంది. హైదరాబాద్, అనంతపురం, కర్నూలు లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో ఫ్యాన్ లేకపోతే 32 దాటే నీళ్లు, ఫ్యాన్ పెడితే 28 దగ్గర నిలబడతాయి. విశాఖలో, నెల్లూరులో, కాకినాడలో గాలే తడిగా ఉంటుంది. ఆవిరి అంతగా అవ్వదు. ఒళ్లంతా చెమట పట్టి ఆరకుండా ఉండే రోజున ఫ్యాన్ ట్యాంకుకీ పెద్దగా ఏమీ చేయలేదు. తీరప్రాంతంలో చిల్లర్ కొనలేకపోతే ట్యాంకుని ఏసీ ఉన్న గదిలో పెట్టుకోవడం నయం.

ఫ్యాన్ వాడితే రోజూ ఆవిరైనంత మంచినీళ్లు కలపాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. వేసవి సెలవులకి ఐదు రోజులు ఊరెళ్లొచ్చేసరికి ఉప్పదనం ఎక్కడికో వెళ్లి ఉంటుంది. ఆటో టాప్ ఆఫ్ పరికరం పెడితే ఈ బాధ తప్పుతుంది. కానీ దాని సెన్సర్ ఇరుక్కుపోతే డబ్బాలో ఉన్న మంచినీళ్లన్నీ ట్యాంకులో పడతాయి. అందుకని ట్యాంకులో పదో వంతుకి మించని డబ్బా పెట్టండి. అంతా ఒలికినా చేపలు తట్టుకుంటాయి.

చిల్లర్ ధర పదుల వేలల్లో ఉంటుంది. పగడాలు పెంచేవాళ్లకి అవసరం. చేపలే పెంచేవాళ్లు ముందు ఫ్యాన్, వాతావరణం తడిగా ఉంటే ఏసీ గది చూసుకుని, చిల్లర్ డబ్బుని వేరేచోట పెట్టడమే నాకు సబబుగా కనిపిస్తుంది. మంచుగడ్డలు నేరుగా వేయడం మాత్రం వద్దు. బాటిల్లో గడ్డకట్టించి, మూత బిగించి, ఒకటొకటిగా తేలేయండి.

ఇంట్లోనే ఉన్న విషం

దీని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ, నాకు బాగా బాధ కలిగించేదీ ఇదే. మన ఇళ్లలో రాత్రంతా ప్లగ్గులో వెలిగే దోమల మందు, బొద్దింకల మీద కొట్టే స్ప్రే, పెస్ట్ కంట్రోల్ వాళ్లు చల్లే మందు, వీటిలో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ అనే పురుగుమందుల జాతివి. మనుషులకి ఫర్వాలేదనే మోతాదు చేపలకీ రొయ్యలకీ ప్రాణాంతకం. ఎయిర్ పంపు ఏం చేస్తుంది? గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది. ఆ పక్క ప్లగ్గులోనే దోమల మందు ఉంటే దాన్నీ పీల్చి కొడుతుంది.

మా ఎదురింట్లో పెస్ట్ కంట్రోల్ జరిగిన మధ్యాహ్నం మా కిటికీలు తెరిచే ఉన్నాయి. సాయంత్రానికి క్లీనర్ రొయ్య రాతి మీదనుంచి జారి, పక్కకి ఒరిగి, కాళ్లు మాత్రం వణికిస్తూ కనిపించింది. రాత్రి చేపలు అద్దానికి గుద్దుకోవడం మొదలుపెట్టాయి. యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేసి, సగం నీళ్లు మార్చి చేపల్ని దక్కించుకున్నాను. రొయ్య దక్కలేదు.

ఎంచుకోవడం సులభమే. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర లేదా దోమల బ్యాటు. బొద్దింకలకి స్ప్రే బదులు మూలల్లో చుక్కలుగా పెట్టే జెల్. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, ఎయిర్ పంపు ఆపి, వేవ్‌మేకర్‌ని మాత్రం తిరగనివ్వండి. ఒక సంచి కార్బన్ ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. అగరుబత్తీలు, సాంబ్రాణి పొగ కూడా ట్యాంకుకి దూరంగా ఉంటే మంచిది. పూజగది పక్కనే ట్యాంకు పెట్టిన ఇళ్లు చూశాను, కనీసం ఎయిర్ పంపుని అయినా వేరే గదిలో పెట్టి పొడవాటి గొట్టం లాగండి.

నీళ్లు: సముద్రం నుంచా, కిచెన్ ఆర్వోనా, క్యానా, ఆర్వో-డీఐనా?

విశాఖవాళ్లకి సముద్రం పక్కనే ఉంది, ఉప్పు కొనడమెందుకు అనిపిస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లలో మురుగు, ఓడల నూనె, వాన కొట్టుకొచ్చిన మట్టి ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి: బంగాళాఖాతంలోకి గంగ, మహానది, గోదావరి, కృష్ణ నీళ్లు దిగుతాయి. వానలయ్యాక అక్టోబర్, నవంబర్‌లో ఉత్తరాన్నుంచి తీరం వెంట పల్చటి నీళ్లు కిందికి వస్తాయి. మనకి కావలసిన 35 పీపీటీ (వెయ్యి వంతుల నీళ్లలో 35 వంతుల ఉప్పు) అప్పుడు దొరకదు. వేసవిలో పడవవాళ్లని అడిగి లోపలినుంచి తెప్పించుకుని, వడకట్టి, చీకట్లో కొన్ని వారాలు ఉంచి, ఉప్పదనం కొలిచి వాడేవాళ్లున్నారు. ఆ ఓపిక ఉంటే చేయొచ్చు. మొదటి ఏడాది మాత్రం ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు పొడితోనే మొదలుపెట్టమంటాను.

ఉప్పు పొడిని ఏ నీళ్లలో కలపాలన్నది మిగతావాళ్ల ప్రశ్న. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వద్దేవద్దు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. 20 లీటర్ల క్యాన్ నీళ్లు ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటాయి. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపేది) పెట్టి చూసుకుని అత్యవసరానికి వాడుకోవచ్చు.

కిచెన్ ఆర్వో గురించి కాస్త గట్టిగా చెబుతాను. ఈమధ్య అమ్మే చాలా ఆర్వోల మీద "కాపర్" అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. తాగే నీళ్లలో రాగి చేరాలనే ఆ కార్ట్రిడ్జ్ పెడతారు. రాగి రొయ్యలకీ, నత్తలకీ, పగడాలకీ విషం. చేపలకి ఏమీ కాలేదు కాబట్టి నీళ్లు మంచివే అనుకుంటాం, రొయ్యలు మాత్రం ఎందుకో బతకవు. ఆ కార్ట్రిడ్జ్‌కి ముందు, మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టంలోంచే నీళ్లు పట్టుకోగలిగితే కిచెన్ ఆర్వో కొంతవరకు పనికొస్తుంది. లేదంటే చిన్న ఆర్వో-డీఐ యూనిట్ (ఆర్వో తర్వాత మిగిలిన లవణాలనీ తీసేసేది) కొనండి. టీడీఎస్ సున్నా చూపిస్తే నీటి గురించిన అనుమానాలు చాలావరకు తీరిపోతాయి.

ఉప్పదనం కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్, రిఫ్రాక్టోమీటర్ రెండూ దొరుకుతాయి. ముల్లుకి ఒక్క బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్ కొని, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. గురి 1.025 సాంద్రత (మంచినీళ్లతో పోలిస్తే ఎన్ని రెట్ల బరువో చెప్పే అంకె) దగ్గర పెట్టుకోండి.

కొత్త చేప: నేరుగా వేయడమా, విడిగా ఉంచడమా?

వెల్వెట్ అనే జబ్బుని ఒకసారి చూసినవాళ్లు ఈ ప్రశ్న మళ్లీ అడగరు. అమిలూడినియం అనే పరాన్నజీవి మొప్పల్లో పడుతుంది. నిన్న మేత తిన్న చేప ఇవాళ వేవ్‌మేకర్ ధారకి ఎదురుగా నిలబడి, వెలుతురుకి మొహం చాటేసి ఉంటుంది. గదిలో లైట్లార్పి టార్చి పక్కనుంచి వేస్తే ఒంటిమీద బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. మొప్పల్లోనే ఉంటే అదీ కనిపించదు. రెండు మూడు రోజుల్లో ట్యాంకు ఖాళీ. తెల్ల చుక్కల జబ్బు, అంటే ఇక్, దీనికంటే నెమ్మది. క్లౌన్ ఫిష్‌కి ఒంటినిండా బంక కారుతూ వచ్చే బ్రూక్లినెల్లా ఇంకొకటి, దానికి వాడేది ఫార్మలిన్.

అందుకే కొత్త చేపని 40, 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో నెల రోజులు ఉంచాలి. ఇసుక వద్దు, రాయి వద్దు. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, పెద్ద ట్యాంకు సంప్‌లో ముందే కొన్ని వారాలు నానబెట్టిన స్పాంజ్ ఫిల్టర్, ఒక ఎయిర్ స్టోన్ చాలు. మొత్తం ఖర్చు ఒక మంచి చేప ధరకి మించదు.

టబ్బులో ఏం చేయాలన్న దగ్గర నాలుగు దారులున్నాయి.

రాగి మందు వెల్వెట్‌నీ ఇక్‌నీ రెండిటినీ చంపుతుంది. చీలేటెడ్ (రాగిని వేరే పదార్థంతో బంధించిన) రకమైతే 2 నుంచి 2.5 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), అయానిక్ (రాగి విడిగా కరిగి ఉండే) రకమైతే 0.5 దగ్గర, నెల రోజులు తగ్గకుండా నిలపాలి. ఒకేసారి పోయకుండా రోజుకి కొంచెంగా పెంచాలి. తక్కువైతే జబ్బు పోదు, ఎక్కువైతే చేప పోతుంది. కాబట్టి కాపర్ టెస్ట్ కిట్ లేకుండా ఈ మందు ముట్టుకోకండి. అమ్మోనియాని బంధించే ద్రావణాలు రాగి ఉన్న నీళ్లలో పోస్తే రాగి మరింత విషమవుతుంది. అమ్మోనియా పెరిగితే నీళ్లు మార్చి, మార్చినంత నీళ్లకి సరిపడా మందు కలపాలి, అంతే.

రెండోది ట్యాంక్ ట్రాన్స్‌ఫర్. ప్రతి మూడు రోజులకీ చేపని పూర్తిగా ఆరబెట్టిన కొత్త టబ్బులోకి, కొత్త నీళ్లలోకి మార్చడం. పన్నెండు రోజుల్లో ఇక్ పోతుంది, మందు అక్కర్లేదు. వెల్వెట్ మాత్రం పోదు.

మూడోది ఉప్పదనాన్ని 1.009కి దించి నెల రోజులు ఉంచడం. ఇదీ ఇక్ వరకే.

నాలుగోది ఏ మందూ లేకుండా చూస్తూ ఉండటం.

నా ఓటు మొదటిదానికి, టెస్ట్ కిట్ ఉన్నంతవరకు. ఉన్నట్టుండి చంపేది వెల్వెట్ కాబట్టి, దాన్ని ఆపలేని రెండు పద్ధతులు మన అసలు భయానికి జవాబు కావు. కిట్ దొరకని ఊళ్లో ఉంటే ట్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి, ఆ తర్వాత రెండు మూడు వారాలు కళ్లు పెట్టి చూడండి. రోజూ ఒకే సమయానికి మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెట్టి రాయండి. ఆ లెక్క ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లయితే, ఒంటిమీద ఏ చుక్కా లేకపోయినా, ఆ రోజే ఏదో ఒకటి చేయాలి.

జబ్బు ఇప్పటికే పెద్ద ట్యాంకులోకి వచ్చేసి ఉంటే అక్కడ రాగి పోయకండి. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి, రొయ్యలు చచ్చిపోతాయి. చేపలన్నిటినీ టబ్బులోకి తీసి, పెద్ద ట్యాంకుని చేపలు లేకుండా 76 రోజులు వదిలేయండి. ఇక్ గుడ్డులాంటి దశలో రాళ్లకి అంటుకుని వారాల తరబడి ఆగగలదు, అందుకే అంతకాలం.

సంచి విప్పే ముందు

చెన్నై నుంచో ముంబై నుంచో కొరియర్‌లో 20 గంటలు ప్రయాణం చేసి వచ్చిన చేపకీ, పక్క వీధి షాపులో కొన్న చేపకీ ఒకే పద్ధతి పనికిరాదు. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. ఆ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ గ్యాస్ పోతుంది, పీహెచ్ ఎగబాకుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. ఆ నీళ్లలోనే గంటన్నరసేపు చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలపడమంటే చేపని విషంలో నానబెట్టడమే.

దూరం నుంచి వచ్చిన చేపకైతే: అమ్మేవాళ్ల ట్యాంకు ఉప్పదనం ముందే అడిగి, టబ్బుని అదే ఉప్పదనానికి సిద్ధం చేయండి. మూసిన సంచిని పావుగంట తేలేసి, విప్పిన వెంటనే చేపని వలతో టబ్బులోకి మార్చండి. సంచి నీళ్లు పారబోయండి. టబ్బు ఉప్పదనాన్ని తర్వాత రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా పెంచుకోవచ్చు. చాలా షాపుల్లో 1.020 దగ్గరే ఉంచుతారు. అక్కడినుంచి 1.025లోకి ఒక్కసారి దింపితే చేప తట్టుకోవడం కష్టం. పక్క వీధి షాపునుంచి అరగంటలో తెచ్చిన చేపకి డ్రిప్ పద్ధతి బాగానే ఉంటుంది.

ఏ చేప కొనాలన్నదానికి వస్తే, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్, డామ్సెల్ దొరుకుతుంటే సముద్రంలో పట్టినవాటి జోలికి వెళ్లకండి. మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు వీటిని హ్యాచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో రూపొందించారు. ట్యాంకులో పుట్టిన పిల్ల మేతకి మొదటి రోజే వస్తుంది. సముద్ర గుర్రాలు, పగడపు రాళ్లు ఎవరైనా చాటుగా చూపించినా కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి 2001 నుంచి రక్షణలో ఉన్నాయి.

కొత్త ట్యాంకుని నడిపించడానికి రెండు డామ్సెల్స్ వేయమనే సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. అమ్మోనియాలో వాటి మొప్పలు కాలిపోతుంటే మనం చూస్తూ కూర్చోవడమే అది. అమ్మోనియాని తినేసే బ్యాక్టీరియా సీసాల్లో దొరుకుతుంది, అది పోసి, అమ్మోనియా 2 పీపీఎంకి తెచ్చి, అది 24 గంటల్లో సున్నా అయ్యాక మొదటి చేపని తేవచ్చు. మూడు నాలుగు వారాలు పట్టినా పట్టనివ్వండి.

డబ్బు కొంచెమే ఉంటే

నేనైతే ఈ వరసలో కొంటాను: కరెంటు పోగానే మొదలయ్యే బ్యాటరీ పంపు, ట్యాంకు లైనుకి 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), రిఫ్రాక్టోమీటర్, క్వారంటైన్ టబ్బు, కాపర్ మందు, దాని టెస్ట్ కిట్. ఆ తర్వాత ఆర్వో-డీఐ. మంచి లైటు, పెద్ద స్కిమ్మర్ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా ఏ చేపా చావదు. ట్యాంకు సైజులో మాత్రం 60 లీటర్లా 200 లీటర్లా అన్న సందేహం వస్తే 200 వైపే వెళ్లండి. అదే తప్పు జరిగినా పెద్ద ట్యాంకులో నీళ్లు చెడటానికి ఎక్కువ గంటలు పడుతుంది.

ప్రతి నెలా ఒకటో తారీఖు రాత్రి నేను ట్యాంకు మెయిన్ ప్లగ్గు పీకేస్తాను. బ్యాటరీ పంపు దానంతటది మొదలైందో లేదో చూస్తాను. ఎయిర్ స్టోన్‌లోంచి బుడగలు సన్నగా, ఎడతెగకుండా వస్తున్నాయా, మూసుకుపోయి పెద్ద బుడగలు ఒకటొకటిగా పైకొస్తున్నాయా అని పక్కనే కూర్చుని గంటసేపు కనిపెడతాను. పోయిన నెల స్టోన్ మార్చాల్సి వచ్చింది.